హిమాలయన్‌లో ఏం లేదు... మనలో ఏం లేదు?

చోవా చూ కాంగ్ (సింగపూర్):

మనోళ్లు నలుగురు ఒకచోట చేరితే కబుర్లు మూడే మూడు. జీతం, సినిమా, రాజకీయం. ఈమధ్య నాలుగోది వచ్చి చేరింది... బండి! అది కూడా ఊళ్లో పాలకేంద్రానికి వెళ్లొచ్చే బండి కాదు. వెనక పెట్టెలు కట్టుకుని, కొండలెక్కి, వారం పది రోజులు తిరిగొచ్చే టూరింగ్ బండి. ఇక్కడ సింగపూర్‌లో కొనే తాహతు మనలో ఎవరికో తప్ప ఉండదు. అందుకని అందరి లెక్కా ఒకటే, "ఇంటికెళ్లాక కొందాం!"

ఆ లెక్క మంచిదా కాదా అన్నదే ఇప్పటి పంచాయితీ. ఆదివారం పూట చోవా చూ కాంగ్ ఎమ్మార్టీ స్టేషన్ బయట, లాట్ వన్ మాల్ పక్కన, డార్మిటరీ మెట్ల మీద... ఎక్కడ చూసినా ఈ మాటే. ఫోన్లలో వీడియోలు, వాటి మీద వాదనలు. ఎక్కువగా నలిగే పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. దాని పక్కనే కేటీఎం 390 అడ్వెంచర్, కొత్తగా వచ్చిన టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300.

వాదనలో ఉన్నవాళ్లలో ఒకరికి ఇది ఉత్త కాలక్షేపం కాదు. కరీంనగర్ వైపు కుర్రాడు, స్టీల్ ఫిక్సర్. ఆరేళ్లు ఇక్కడ చేసి, ఇక పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. చేతిలో ఉన్నదాంట్లోంచి మూడు లక్షలు పక్కన పెట్టాడు. ఇంట్లోవాళ్లేమో మేడ మీద ఇంకో గది వేయమంటున్నారు. వాడి మనసేమో బండి మీద. ఇలాంటివాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వాదనను కాస్త వివరంగా చెప్పుకుందాం.

అసలేంటీ బండి?

ఎన్‌ఫీల్డ్ అంటే మనకు బుల్లెట్. మద్రాసు దగ్గర తిరువొత్తియూరు ఫ్యాక్టరీతో 1955లో మొదలైన కథ. ఊళ్లో కరణంగారో, పోలీసు సారో, పెద్ద రైతో తోలే బండి. 2016లో అదే కంపెనీ హిమాలయన్ అని 411 సీసీ బండి తెచ్చింది. గాలితో చల్లబడే ఇంజిను, శక్తి దాదాపు 24 హార్స్ పవర్, గేర్లు అయిదు, ట్యాంకు 15 లీటర్లు. మొదటి విడత బండ్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక జనం మెల్లగా నమ్మారు. లడఖ్ వెళ్లే కుర్రాళ్లకు అదే గుర్తింపు అయిపోయింది.

2023 నవంబరులో గోవాలో కొత్త హిమాలయన్ విడుదలైంది. పేరు పాతదే గానీ బండి మొత్తం కొత్తది. 452 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజిను, దాదాపు 40 హార్స్ పవర్, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనక 17. నేలకూ ఇంజినుకూ మధ్య 230 మిల్లీమీటర్ల ఎడం. నాలుగు అంగుళాల గుండ్రటి తెర, అందులోనే గూగుల్ మ్యాపు. అప్పటి ప్రారంభ ధర ఎక్స్ షోరూమ్ 2 లక్షల 69 వేలు.

చదువుతుంటేనే ఊరిస్తోంది కదా! మనవాళ్ల మీద దీని ఆకర్షణకు ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఏళ్ల తరబడి మన ప్రయాణమంతా లారీ వెనకే. పొద్దున్నే ఎక్కించుకుంటారు, సాయంత్రం దింపుతారు. ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉండదు. అలాంటివాడికి "నా బండి, నా దారి" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పెద్ద బండి మోజు అని కొట్టిపారేస్తే సరిపోదు, ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

"మూడు లచ్చలు వెట్టి..."

ఇక లేనివాటి లెక్క. మొదటి దెబ్బ క్రూయిజ్ కంట్రోల్ మీద. అంటే గంటకు 80లోనో 90లోనో పెట్టి బటన్ నొక్కితే, చేత్తో యాక్సిలరేటర్ పట్టుకోకుండానే బండి అదే వేగంతో పోతుంది. దూర ప్రయాణంలో మణికట్టు నొప్పి తగ్గుతుంది. హిమాలయన్‌కి అది లేదు.

"గదేంది అన్నా! మూడు లచ్చలు వెట్టి కొంటే క్రూజ్ కంట్రోల్ లేకపాయె. కేటీఎంకు ఉన్నది, టీవీఎస్‌కు ఉన్నది, దీనికేమైంది?" అన్నది కరీంనగర్ కుర్రాడి బాధ. కొనాలనుకున్నవాడికే కోపం ఎక్కువ మరి.

వాడి వాదనలో పస ఉంది. ఈ బండికి యాక్సిలరేటర్ తీగ ఉండదు. మనం పిడి తిప్పితే సెన్సర్ చదువుతుంది, కంప్యూటరు ఇంజినుకు చెబుతుంది. దీన్నే రైడ్ బై వైర్ అంటారు. అది ఉన్నాక క్రూయిజ్ కంట్రోల్ పెట్టడం పెద్ద పని కాదు. ముఖ్యమైన సామాను బండిలో ఉండనే ఉంది. అలాగే వెనక చక్రం జారితే శక్తి తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, క్లచ్ పట్టకుండా గేర్ మార్చే క్విక్ షిఫ్టర్ లేదు. ఇవ్వగలిగి ఇవ్వలేదన్నదే విమర్శ.

దానికి పాలకొల్లు అన్న జవాబు ఇంకో రకం. ఆయన ఇక్కడ పదేళ్లుగా షట్టరింగ్ పనిలో ఉన్నారు. "ఊరుకోవోయ్! మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో ఎక్కడ పెడతావ్ నీ క్రూయిజు? మలుపుకో లారీ, మలుపుకో ఆవు! మన రోడ్డు మీద బ్రేకు మీంచి వేలు తీయడానికే ఉండదు."

నిజమే. పైగా ఇంకో సంగతి ఉంది. క్రూయిజ్ కంట్రోల్ బాగా పనికొచ్చేది అడ్డాలు లేని వెడల్పు రోడ్ల మీద. అలాంటి రోడ్లు మన దగ్గర కొన్నిచోట్ల టూ వీలర్లను రానివ్వవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకులకు ప్రవేశం లేదు. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ వే మీద 2023 ఆగస్టు 1 నుంచి ఆపేశారు. అదే మన పక్కనున్న మలేసియాలో చూడండి... ఉత్తర-దక్షిణ ఎక్స్‌ప్రెస్ వే మీద మోటారు సైకిళ్లకు దారీ ఉంది, టోల్ కూడా లేదు. జొహోర్ బారు నుంచి కౌలాలంపూర్ దాకా దాదాపు 330 కిలోమీటర్లు ఒకే వేగంతో పోవచ్చు. అక్కడివాడికి ఆ బటన్ అవసరం. శ్రీశైలం ఘాట్ ఎక్కేవాడికి అలంకారం!

కాకపోతే విజయవాడ-హైదరాబాద్ హైవే, చెన్నై-కోల్‌కతా హైవేల మీద బైకులు పోతున్నాయి కదా అని కుర్రాడి ఎదురు ప్రశ్న. అదీ కాదనలేం. వారానికోసారి హైవే మీద 300 కిలోమీటర్లు తోలేవాడు ఆ బటన్ అడగడంలో తప్పు లేదు. ఏడాదికి రెండుసార్లు తోలేవాడు దానికోసం బండి మార్చుకోనక్కర్లేదు.

పంచరైతే ఏటి సేత్తావు?

రెండో వాదన చక్రాల మీద. దీన్ని లేవదీసింది శ్రీకాకుళం వెల్డర్. "అదేటి బావా, తెరలూ మ్యాపులూ అంతావు గానీ, అడవి మజ్జిలో పంచరైతే ఏటి సేత్తావు?"

ఇది అసలైన ప్రశ్న. 2023లో హిమాలయన్ మన దేశంలోకి వచ్చినప్పుడు స్పోక్ చక్రాలు, లోపల ట్యూబు. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి, ట్యూబు మార్చాలి. ట్యూబ్‌లెస్ అయితే గాలి మెల్లగా దిగుతుంది. మేకు పీకి, రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టుకుని ముందుకు పోవచ్చు. మామూలు స్పోక్ రిమ్ముకు పుల్లలు దిగేచోట కన్నాలుంటాయి, అందులోంచి గాలి కారుతుంది కాబట్టి ట్యూబ్ తప్పదు. పుల్లలను రిమ్ము అంచుకు బిగిస్తే ఆ గొడవ ఉండదు. అలాంటి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలను 2024లో కంపెనీ మన దేశంలోనూ అదనపు ధరకు ఇవ్వడం మొదలుపెట్టింది. అడగ్గా అడగ్గా వచ్చిన ఫీచరన్నమాట!

అయితే దీనికీ రెండో పక్క ఉంది. రాయి తగిలి రిమ్ము వంగితే ట్యూబ్‌లెస్ గాలి నిలవదు. ట్యూబు ఉంటే వంగిన రిమ్ముతోనే ఊరు చేరొచ్చు. పైగా ట్యూబుకు అతుకు వేసే పంచర్ షాపు ఏ మండలంలోనైనా దొరుకుతుంది. కాబట్టి ట్యూబ్ ఉన్న బండి చెడ్డదనీ, లేనిది మంచిదనీ ఒక్క మాటలో తేల్చలేం. ట్యూబు ఉన్న బండి కొంటే స్పేరు ట్యూబు, పానాలు వెంట ఉండాలి, విప్పడం చేతకావాలి. లేని బండి కొంటే పంచర్ కిట్, చిన్న పంపు ఉండాలి.

ఇక ఆ గుండ్రటి తెరలో మ్యాపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది మన ఫోన్ మీద నడిచే మ్యాపు. నల్లమలలో చాలాచోట్ల సిగ్నలే ఉండదు. అన్నట్టు, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దగ్గర అటవీ శాఖ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తుంది. ఆ సంగతి తెర చెప్పినా చెప్పకపోయినా, దారిలో టీ కొట్టువాడు తప్పకుండా చెబుతాడు!

మూడోది బరువు. పెట్రోలుతో కలిపి 196 కిలోలు. మన భాషలో చెప్పాలంటే నాలుగు సిమెంటు బస్తాలు. తారు రోడ్డు మీద పోతుంటే తెలియదు. వానకు తడిసిన మట్టిలో పడిపోతే ఒక్కడు ఎత్తాలి. సైటులో క్రేను గురించి మనం ఏమడుగుతాం? "ఎన్ని టన్నులు ఎత్తుతుంది" అని ఒక్కటే అడగం, "ఎంత దూరంలో ఎత్తుతుంది" అని లోడు చార్టు చూస్తాం. బండికీ అంతే. 40 హార్స్ పవర్ అన్న అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు, ఎక్కడ, ఎంత బరువుతో, ఎవరి చేతిలో అని చూడాలి.

వెనక సీటు మాట ఎవరూ ఎత్తరేం?

ఇంత వాదనలోనూ ఒక్కరూ ఎత్తని మాట ఒకటుంది... వెనక సీటు! వీడియోల్లో బండి తోలేవాడు ఎప్పుడూ ఒంటరిగానే ఉంటాడు. మన ఊళ్లో బండి ఎప్పుడైనా ఒంటరిగా పోతుందా? అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, భార్యాబిడ్డల్ని అత్తగారింటికి తీసుకెళ్లాలి, యూరియా బస్తా తేవాలి.

హిమాలయన్ ముందు సీటే 825 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే రెండు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. వెనక సీటు ఇంకా పైన. మోకాళ్ల నొప్పులున్న అమ్మ చీరతో ఎలా ఎక్కుతుంది? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఈ విషయంలో స్పష్టంగా ఉంది. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్ రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రం సగమైనా కప్పే రక్షణ ఉండాలి. దాన్నే మనం శారీ గార్డ్ అంటాం. అందం చెడుతుందని షోరూమ్ గడప దాటగానే దాన్ని విప్పించేసే కుర్రాళ్లు ఉన్నారు. వేలు పోసి పెట్టెలు, లైట్లు బిగించుకునేవాడు, ప్రాణం కాపాడే ఇనుప జాలీ విప్పేయడం ఏం లెక్క?

క్రూయిజ్ కంట్రోల్ లేదని అంత బాధపడ్డ కరీంనగర్ కుర్రాణ్ని పాలకొల్లు అన్నే అడిగారు, "మీ అమ్మగారు ఎక్కగలరా దీనిమీద?" వాడి దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లాక షోరూముకు అమ్మను కూడా తీసుకెళ్లి ఎక్కించి చూస్తానన్నాడు. ఆ సాయంత్రం అన్ని వాదనల్లోకీ పనికొచ్చిన మాట అదే.

11 సీసీ, 52 సీసీ... రెండు గీతలు

ఇప్పుడు డబ్బుల దగ్గరికొద్దాం. ఇక్కడ ఫీచర్ల కంటే ఇంజిను సైజే ఎక్కువ మాట్లాడుతుంది.

మన దేశంలో గీత 350 సీసీ దగ్గర ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకు మించిన వాటికి అంతకుముందు 28 శాతం, దానిమీద 3 శాతం సెస్సు ఉండేది. ఇప్పుడది 40 శాతం అయింది. హిమాలయన్ 452 సీసీ కాబట్టి గీతకు పైన పడింది. దాని ధర సుమారు 3 లక్షల 5 వేల దగ్గర మొదలయ్యేలా పెరిగింది. అదే కంపెనీ 349 సీసీ మీటియర్, క్లాసిక్, బుల్లెట్‌లు గీతకు ఒక్క సీసీ కింద ఉండి తగ్గాయి. ఎన్‌ఫీల్డ్ మాతృసంస్థ ఐషర్ అధిపతి సిద్ధార్థ లాల్ అన్ని టూ వీలర్లకూ ఒకే 18 శాతం ఉండాలని అప్పట్లో కోరారు గానీ, రెండు రేట్లే ఖాయమయ్యాయి.

ఆ వెంటనే 2025 అక్టోబరులో టీవీఎస్ తన మొదటి అడ్వెంచర్ టూరింగ్ బండి అపాచీ ఆర్‌టీఎక్స్ 300 దించింది. 299 సీసీ. ప్రారంభ ధర ఎక్స్ షోరూమ్ 1 లక్షా 99 వేలు. క్రూయిజ్ కంట్రోల్ ఉంది. ట్యాంకు మాత్రం 12.5 లీటర్లే. అంటే హిమాలయన్ కంటే లక్ష తక్కువకు, హిమాలయన్‌లో లేదని ఏడ్చిన బటన్ దొరుకుతోంది, ట్యాంకులో నాలుగున్నర లీటర్లు తగ్గుతున్నాయి. లీటరుకు 28 కిలోమీటర్లు వస్తాయనుకుంటే హిమాలయన్ ఒక ట్యాంకుకు దాదాపు 475 కిలోమీటర్లు పోతుంది. పెట్రోలు బంకులు దూరంగా ఉండే లడఖ్‌లో అది ప్రాణం. మన జిల్లాల్లో పది, ఇరవై కిలోమీటర్లకో బంకు ఉంది.

సింగపూర్‌లో గీతలు వేరు. 200 సీసీ దాకా క్లాస్ 2బీ. 201 నుంచి 400 దాకా 2ఏ. 400 దాటితే క్లాస్ 2. పాత హిమాలయన్ 411 సీసీ... కేవలం 11 సీసీల తేడాతో పెద్ద లైసెన్సు అడిగింది! కొత్త 452 కూడా అంతే. 399 సీసీ కేటీఎం 390 అడ్వెంచర్ ఒక్క సీసీ ఒడుపుతో 2ఏలో నిలిచింది. బండిని తయారుచేసేవాడు ఏ దేశం గీత చూసి గీస్తాడో, దాన్నిబట్టి ఇంకో దేశంలో కొనేవాడి రాత మారుతుందన్నమాట.

పైగా ఇక్కడ బండి ధర ఒక్కటే కాదు. పదేళ్లు తోలుకునే హక్కు కోసం సీఓఈ కొనాలి. మోటారు సైకిళ్ల సీఓఈ 2022లో 12 వేల డాలర్లు దాటింది. డాలరుకు 68 రూపాయలు వేసుకుంటే అది 8 లక్షల పైమాటే! బండి లేకుండా ఉత్త కాగితానికే ఊళ్లో రెండు హిమాలయన్‌ల ధర. 2017 నుంచి ఖరీదైన బండ్ల మీద ఏఆర్‌ఎఫ్ అనే రిజిస్ట్రేషన్ పన్ను కూడా మెట్లుగా పెంచారు. మొదటి 5 వేల డాలర్ల విలువకు 15 శాతం, తర్వాతి 5 వేలకు 50, పదివేలు దాటిన విలువకు 100 శాతం. ఇంటికెళ్లాకే కొందామన్న మన లెక్క ఈ కోణంలో నూటికి నూరుపాళ్లూ సరైనదే.

మెట్లెక్కి వెళ్లేవాడు, ఎగిరి దూకేవాడు

డబ్బు విషయంలో మన దేశం నయం. నేర్పే విషయంలో మాత్రం సింగపూర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

చోవా చూ కాంగ్‌కు దగ్గర్లోనే బుకిట్ బాటోక్ డ్రైవింగ్ సెంటర్ ఉంది. ఇక్కడ మోటారు సైకిల్ నేర్చుకోవాలంటే ఇలాంటి స్కూలుకే వెళ్లాలి. రాత పరీక్ష, మెళకువల పాఠాలు, ప్రాక్టికల్ పరీక్ష అన్నీ అయితే 2బీ. దానితో కనీసం ఏడాది తోలాకే 2ఏకి పరీక్ష. 2ఏతో ఇంకో ఏడాది అయ్యాకే క్లాస్ 2. అంటే హిమాలయన్ సైజు బండి ఎక్కాలంటే ఎంత తొందరపడ్డా రెండేళ్లు చిన్న బండ్ల మీద చెయ్యి తిరగాలి. ఆదివారం ఓల్డ్ చోవా చూ కాంగ్ రోడ్డు వైపు, లిమ్ చూ కాంగ్ రోడ్డు వైపు పోయే పెద్ద బండ్ల మీద ఉన్నవాళ్లు అలా మెట్లెక్కి వచ్చినవాళ్లే. ఆ లిమ్ చూ కాంగ్ రోడ్డు ఎంత తిన్నగా ఉంటుందంటే, 2016లో వాయుసేన దాన్ని రన్‌వేగా మార్చి యుద్ధ విమానాలు దింపింది! అంత రోడ్డు మీద కూడా మెట్లెక్కినవాడికే పెద్ద బండి.

మన దేశంలో గేరు బండి లైసెన్సు ఒక్కటే. 100 సీసీ మీద పరీక్ష పాసైనవాడు మర్నాడు 450 ఎక్కొచ్చు, 650 ఎక్కొచ్చు. అడిగేవాడు లేడు. ఇక మన సంగతి ఇంకా చిక్కు. ఆరేళ్లు, ఎనిమిదేళ్లు ఇక్కడ లారీ వెనక కూర్చున్నవాళ్లం. బండి ముట్టుకుని ఏళ్లయింది. ఊళ్లో వదిలివచ్చింది 100 సీసీ స్ప్లెండరో, ప్యాషనో. దానికి ఏడెనిమిది హార్స్ పవర్. దాని మీంచి ఒక్కసారిగా 40కి దూకడమంటే, హెల్పర్‌గా వచ్చినవాణ్ని మొదటి రోజే టవర్ క్రేన్ ఎక్కించడం లాంటిది. సైటులో మనం అలా ఎక్కనిస్తామా? సర్టిఫికెట్ చూడకుండా సిజర్ లిఫ్ట్ తాళమైనా ఇవ్వం కదా!

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 44.5 శాతం టూ వీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50,029 మంది. మెట్ల పద్ధతి ఉన్న సింగపూర్‌లోనూ టూ వీలరే బలహీనం. 2023లో ఇక్కడ రోడ్ల మీద చనిపోయిన 136 మందిలో సగం మోటారు సైకిల్ మీద ఉన్నవాళ్లే. ఇంత క్రమశిక్షణ ఉన్నచోటే అలా ఉంటే, మన దగ్గర ఎంత జాగ్రత్త కావాలి?

కాగితాలు కూడా బండిలో భాగమే

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది గమనించనిది. మనం ఇక్కడుండగానే ఇండియా లైసెన్సు గడువు తీరిపోతుంది! 2019 సవరణ చట్టం ప్రకారం 30 ఏళ్ల లోపు తీసుకున్నవాళ్లకు 40వ ఏడు వచ్చేదాకా, 30 దాటి 50 లోపు వాళ్లకు పదేళ్లు. గడువు తీరిన ఏడాదిలోపు రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే. పాతరోజుల్లో ఉన్న 30 రోజుల వెసులుబాటు ఇప్పుడు లేదు. గడువు తీరిన మర్నాటి నుంచే చెల్లదు.

చెల్లని లైసెన్సుతో ప్రమాదం జరిగితే బండి బాగుచేసుకునే డబ్బు రాదు. అవతలివాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ ముందు ఇచ్చినా, ఆ తర్వాత మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. బండి యజమానికి ఉండే తప్పనిసరి ప్రమాద బీమా 2018లో 15 లక్షలకు పెరిగింది. దానికీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాల్సిందే. ఇంటి పెద్దకు ఏదైనా అయితే ఆ 15 లక్షలే కుటుంబానికి దిక్కు. గడువు తీరిన ఒక్క కార్డు ముక్క దాన్ని పోగొడుతుంది.

కొనేముందు... ఇవి చూసుకోండి

మీరు కూడా ఇంటికెళ్లి టూరింగ్ బండి కొనాలనుకుంటుంటే ఈ ఆరూ రాసిపెట్టుకోండి.

1. ముందు లైసెన్సు తేదీ చూడండి. సెలవుకు వెళ్లే నెల ముందే రెన్యువల్ సంగతి కనుక్కోండి.

2. ఎక్స్ షోరూమ్ ధర నమ్ముకుని వెళ్లొద్దు. లైఫ్ ట్యాక్స్, కొత్త బండికి తప్పనిసరైన అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా, హెల్మెట్, పెట్టెలు... అన్నీ కలిపి ఆన్ రోడ్ లెక్క రాయించుకోండి.

3. సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎన్ని కిలోమీటర్లో చూడండి. నీళ్లతో చల్లబడే ఇంజిను, కంప్యూటర్ ఉన్న బండి... చెట్టు కింద మెకానిక్కు అన్నీ అందవు.

4. టెస్ట్ రైడ్‌కి ఒంటరిగా వెళ్లొద్దు. వెనక ఎక్కేవాళ్లను తీసుకెళ్లండి. ఇద్దరితో నిలబెట్టి చూడండి, రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో.

5. లేని ఫీచర్ల జాబితా రాయండి. ఒక్కోదాని పక్కన "ఏడాదికి ఎన్ని రోజులు వాడతాను" అని అంకె వేయండి. పది రోజుల లోపున్నవి కొట్టేయండి.

6. ఊళ్లో ఉన్న చిన్న బండి మీద కనీసం నెలరోజులు చెయ్యి తిప్పుకోండి. రాత్రిపూట, వానలో, వెనక మనిషితో తోలి చూడండి. ఆ తర్వాతే పెద్ద బండి తాళం.

హిమాలయన్ మంచి బండే. 2016 నాటి బండికీ దీనికీ పోలికే లేదు. క్రూయిజ్ కంట్రోల్ రేపో మాపో వస్తుంది, ట్యూబ్‌లెస్ చక్రాలు అలాగే వచ్చాయి కదా. కంపెనీ మర్చిపోయింది కంపెనీయే ఇస్తుంది. మన చేతికి రావాల్సిన అలవాటు మాత్రం ఏ షోరూములోనూ అమ్మరు. మూడు లక్షలు కూడబెట్టడానికి ఆరేళ్లు ఆగినవాడికి, ఇంకో నెల చిన్న బండి మీద తిరగడం కష్టమేమీ కాదు.